సామ్రాజ్యాలన్నీ పోయాయి, క్రీస్తు రాజ్యం నిలిచింది అంటాం. పిల్లాడు ఏళ్ల లెక్క అడిగితే ఏం చెప్పాలి?

తెనాలి_టీచర్
మా సంఘంలో యౌవనస్తుల క్లాసు నేనే చూస్తాను. ఇప్పుడు దానియేలు 2వ అధ్యాయం నడుస్తోంది. బబులోను రాజు నెబుకద్నెజరు కలలో చూసిన విగ్రహం గురించి మామూలుగా చెప్పేదే చెప్పాను. బంగారు తల బబులోను, వెండి రొమ్ము మాదీయ పారసీకులు, ఇత్తడి నడుము గ్రీకులు, ఇనుప కాళ్లు రోమా, అన్నీ పొట్టులా ఎగిరిపోయాయి, చేతి సహాయం లేకుండా తీయబడిన రాయి మాత్రం పెద్ద కొండై భూమంతా నిండింది, అదే క్రీస్తు రాజ్యం, రెండు వేల ఏళ్లుగా నిలిచే ఉంది అన్నాను. ఇంటర్ చదివే ఒక అబ్బాయి లేచి "సార్, ఐగుప్తులో ఫరోలు దాదాపు మూడు వేల ఏళ్లు ఏలారు కదా, అంటే మనం ఇంకా వాళ్ల రికార్డు కొట్టలేదా?" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. వాడు వెటకారానికి అడగలేదు, నిజంగానే అడిగాడు. రోమా నగరం పుట్టినప్పటి నుంచి 1453లో కాన్‌స్టాంటినోపుల్ పడిపోయేదాకా లెక్కేస్తే అదీ 2200 ఏళ్లు అవుతుందని ఇంకొకడు అందుకున్నాడు.

నా ఫిర్యాదు పిల్లల మీద కాదు. ఈ పోలిక మన ప్రసంగాల్లో ఎప్పుడూ ఏళ్ల లెక్క మీదే నడుస్తుంది. వాళ్లు పోయారు, మనం ఉన్నాం, కాబట్టి మనదే గొప్ప. ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పాలి? "విశ్వాసంతో అంగీకరించాలి బాబూ" లాంటి జవాబులు వద్దు, అది వాళ్ల నాన్న ఇప్పటికే చెప్పాడట.

నైట్‌షిఫ్ట్_నాని
ఆ ఇద్దర్నీ పాస్టర్ గారి దగ్గరికి మాత్రం పంపకండి. మీ క్లాసు మూసేస్తారు.

ఇనుపకాళ్లు
ఇందులో కష్టం ఏముంది బ్రదర్. రాయి ఇంకా పడలేదు, అంతే. విగ్రహం పాదాలకు పది వేళ్లున్నాయి, అవి పాత రోమా నేల మీద చివరి రోజుల్లో లేచే పది రాజ్యాలు. యూరప్‌లో ఆ ఏర్పాట్లు ఎప్పటి నుంచో జరుగుతున్నాయి. రెండవ రాకడలో రాయి ఆ వేళ్ల మీద పడుతుంది, అప్పుడు వెయ్యేళ్ల పాలన మొదలవుతుంది, ఆ తర్వాత నిత్యత్వం. లెక్క అప్పటి నుంచి పెట్టుకోమనండి. మీరు సంఘాన్నే రాజ్యం అంటున్నారు కాబట్టి ఇరుక్కున్నారు.

పాతనాణేలు
@ఇనుపకాళ్లు ఆ యూరప్ పది దేశాల మాట నేను కుర్రాడిగా ఉన్నప్పటి నుంచి వింటున్నాను. 1981లో గ్రీసు చేరినప్పుడు యూరోపియన్ కమ్యూనిటీలో సరిగ్గా పది దేశాలయ్యాయి, చార్టులు గీసేవాళ్లు పండగ చేసుకున్నారు. 1986లో స్పెయిన్, పోర్చుగల్ వచ్చి పన్నెండు చేశాయి. ఇప్పుడు బ్రిటన్ వెళ్లిపోయాక కూడా 27. ఆ అధ్యాయంలో వేళ్ల ప్రస్తావన ఉంది గానీ పది అనే అంకె ఎక్కడా లేదు, కావాలంటే మళ్లీ చదవండి.

ఇనుపకాళ్లు
పది అనేది 7వ అధ్యాయంలో కొమ్ముల దగ్గర ఉంది. రెండూ కలిపి చదవాలి. మనిషి పాదాలకు వేళ్లు ఎన్నుంటాయో కూడా రాయాలా?

పాతనాణేలు
కలిపి చదవండి, తప్పులేదు. వార్తాపత్రికతో కలపడం దగ్గరే నాకు భయం. ఈ పుస్తకాన్ని ఇలా పట్టుకుని ముందుకు దూకినవాళ్ల చరిత్ర ఉంది. 1534లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ పట్టణాన్ని కొంతమంది ఆక్రమించి ఇదే కొత్త యెరూషలేము అన్నారు, లైడెన్ నుంచి వచ్చిన యాన్ అనే దర్జీ తనను తానే రాజుగా ప్రకటించుకున్నాడు, చాలామందిని పెళ్లాడాడు, ఎదిరించినవాళ్లను చంపించాడు. 1535లో ఊరు పడిపోయింది. అతని శవాన్నీ, ఇంకో ఇద్దరి శవాలనూ పెట్టిన ఇనుప బోనులు అక్కడి సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురానికి ఇప్పటికీ వేలాడుతూనే ఉన్నాయి. లండన్‌లో 1661 జనవరిలో టామస్ వెన్నర్ అనే ఆయన, నాలుగు రాజ్యాలు అయిపోయాయి, అయిదోది మాదే, యేసు రాజు అంటూ కొద్దిమందితో కత్తులు పట్టుకుని వీధుల్లోకి వచ్చాడు. కొన్ని రోజుల్లో అణిచేసి ఉరితీశారు. చేతి సహాయం లేని రాయికి వీళ్లంతా చెయ్యి వేయబోయారు.

నైట్‌షిఫ్ట్_నాని
బోనులు ఇంకా వేలాడుతున్నాయా?! ఫొటో వెతికి చూశాను, ఈ రాత్రికి నిద్ర లేదు. షిఫ్ట్‌కి మంచిదే.

డల్లాస్_బాబాయ్
టీచర్ గారూ, నెపోలియన్ మాట వాడండి. సెయింట్ హెలీనా దీవిలో బందీగా ఉన్నప్పుడు ఆయనే అన్నాడు, అలెగ్జాండర్, సీజర్, షార్లమేన్, నేను బలంతో సామ్రాజ్యాలు కట్టాం, యేసు ప్రేమతో కట్టాడు, ఇవాళ కూడా ఆయన కోసం చనిపోయేవాళ్లు లక్షల్లో ఉన్నారు అని. మా ఇక్కడి తెలుగు సంఘంలో ఈ మాట చెప్పగానే అందరూ ఆమెన్ అన్నారు.

పాతనాణేలు
బాబాయ్, ఆ మాట చాలా అందంగా ఉంటుంది గానీ ఆయన చేత్తో రాసినది కాదు. దీవిలో ఆయనతో ఉన్నవాళ్లు విన్నామని చెప్పగా, 1821లో ఆయన పోయాక ముద్రణలోకి ఎక్కిన మాట. చరిత్రకారులు చాలామంది దాన్ని నమ్మరు. ఇంటర్ పిల్లలు ఫోన్‌లో రెండు నిమిషాల్లో పట్టేస్తారు.

డల్లాస్_బాబాయ్
ఆయన అనకపోయినా మాట నిజమే కదా.

సందేహం_తీరదు
బయటివాణ్ని, మధ్యలో దూరుతున్నా. మాట నిజమే అయితే నెపోలియన్ పేరెందుకు బాబాయ్, మీ పేరు మీదే చెప్పుకోవచ్చు.

అసలు ప్రశ్నకొస్తే, ఆ పిల్లాడు ఫరోల గురించి అడిగాడు, నేను బౌద్ధం గురించి అడుగుతా. అశోకుడి సామ్రాజ్యం పోయింది, ధర్మం పోలేదు. మన నాగార్జునకొండలో విహారాలు కట్టించిన ఇక్ష్వాకుల వంశమే మిగల్లేదు, వాళ్లు మొక్కిన బుద్ధుడికి ఇవాళ కోట్లమంది మొక్కుతున్నారు. అదీ సైన్యం లేకుండానే, పైగా మీకంటే అయిదు వందల ఏళ్లు ముందు నుంచి. రాజ్యాలు పోయాయి, మా మతం ఉంది అనేది మీ ఒక్కరి వాదన కాదు. ఇంకోటి. దానియేలు గ్రంథాన్ని చాలామంది పండితులు క్రీ.పూ. 165 ప్రాంతంలో పెడతారు, సిరియా ఏలిన గ్రీకు రాజు ఆంటియోకస్ ఎపిఫనేస్ యూదులను హింసించిన రోజుల్లో. వాళ్ల లెక్కలో నాలుగో రాజ్యం రోమా కాదు, గ్రీకులు. బబులోను, మాదీయులు, పారసీకులు, గ్రీకులు. ఇనుమూ మట్టీ కలవడం, వివాహ సంబంధాల వల్ల కలిసినా అతుక్కోకపోవడం అనేది సిరియా రాజులకూ ఐగుప్తు టోలెమీలకూ మధ్య జరిగిన పెళ్లిళ్ల గోల. మరి రాయి అప్పుడే పడి ఉండాలి కదా?

మెదక్_అమ్మాయి
@సందేహం_తీరదు బీడీ (దైవశాస్త్రం డిగ్రీ) చదువుతున్నాను, ఈ వాదన మా క్లాసులో కూడా వస్తుంది. కొత్తదేం కాదు, మూడో శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్వవేత్త ఇదే అన్నాడు, బైబిలు పండితుడు జెరోము దానికి జవాబు రాశాడు. నాలుగోది రోమా అనేది క్రైస్తవులు మాత్రమే కల్పించుకున్న లెక్క కాదు, మొదటి శతాబ్దం యూదుల్లోనూ ఆ అవగాహన ఉంది. పైగా దానియేలు గ్రంథమే మాదీయులనూ పారసీకులనూ ఒక్క పొట్టేలుగా చూపిస్తుంది, రెండు కొమ్ములతో, 8వ అధ్యాయంలో. కానీ మీరు చెప్పినదాన్నే కాసేపు ఒప్పుకుందాం. యెరూషలేము దేవాలయంలో బలిపీఠాన్ని క్రీ.పూ. 167లో అపవిత్రం చేసినప్పుడు, చదవడానికి ధర్మశాస్త్రం చుట్ట కూడా దాచుకోవాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్లకు ఈ కల ఏం చెప్తోంది? మీ మీద కూర్చున్న బరువు లోహమే, దానికి అడుగున మట్టి ఉంది అని. ఏళ్లు లెక్కపెట్టుకోమని ఎవరికీ చెప్పలేదు.

బౌద్ధం గురించి మీరన్నది సరైనదే. మనుగడ ఒక్కటే రుజువైతే మీరు గెలిచినట్టే. మేం చెప్పేది మనుగడ గురించి కాదు, చంపేసిన రాజు లేచాడని. అది నిజమైతే ఒక ఏడాది చాలు, అబద్ధమైతే పదివేల ఏళ్లు ఉన్నా ఉపయోగం లేదు.

తెనాలి_టీచర్
ఇది రాసుకుంటున్నా. ఇలాంటివే కావాలి. ఆగకండి.

కాజీపేట_కతోలిక
మా దగ్గర క్రీస్తురాజు మహోత్సవం అని ప్రత్యేకంగా పండుగే ఉంది, ఆరాధన సంవత్సరంలో చివరి ఆదివారం, ఊరేగింపు ఉంటుంది, మిగతావాళ్లకు తెలియకపోవచ్చు. అది పాత పండుగ అనుకుంటారు, కాదు. 1925 డిసెంబరులో 11వ పయస్ పోపు గారు పెట్టారు. అప్పటి పరిస్థితి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ, ఆస్ట్రియా, రష్యా, ఒట్టోమన్, నాలుగు సామ్రాజ్యాలు కూలిపోయాయి. వాటి స్థానంలో ప్రజలు శాంతి తెచ్చుకోలేదు, ఇంకా పెద్ద దేవుళ్లను తెచ్చుకున్నారు. పోపు గారి ఇంటి ముందే ముస్సోలినీ. అలాంటప్పుడు ఈ పండుగ. మరుసటి ఏడాదే మెక్సికోలో ప్రభుత్వానికీ కతోలికులకూ యుద్ధం మొదలైంది. 1927 నవంబరు 23న మిగెల్ ప్రో అనే గురువును తుపాకులకు ఎదురుగా నిలబెడితే చేతులు సిలువలా చాచి, క్రీస్తు రాజుకు జై అని ప్రాణం వదిలాడు. ప్రభుత్వమే ఫొటోలు తీయించింది, జనం భయపడతారని. జనం ఆ ఫొటోలను దాచుకుని పూజించారు.

సందేహం_తీరదు
పోపులకు సొంత రాజ్యం, సైన్యం, జైళ్లు ఉండేవి కదా, అది మర్చిపోయారా?

కాజీపేట_కతోలిక
ఎందుకు మర్చిపోతాం. ఎనిమిదో శతాబ్దం నుంచి ఇటలీ మధ్యలో పెద్ద ముక్క పోపులదే. 1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం రోము గోడ బద్దలుకొట్టి లోపలికొచ్చింది, అంతే, పోయింది. అప్పటి పోపు తాను ఖైదీనని ప్రకటించుకుని వాటికన్ దాటి బయటికి రాలేదు, 1929 దాకా ఆ తగువు తేలలేదు. చిత్రం ఏంటంటే ఆ భూములు పోయాకే పోపు మాటకు ప్రపంచంలో బరువు పెరిగింది. నన్నడిగితే దేవుడు ఆ సైన్యాన్ని పంపాడనే అంటాను, మా గురువుగారికి మాత్రం చెప్పకండి.

పాతనాణేలు
ఈ దారంలో నాకు బాగా నచ్చిన పోస్టు ఇదే. దీన్నే ఇంకొంచెం వెనక్కి తీసుకెళ్తా. కాన్‌స్టాంటైన్ 312లో రోము దగ్గర మిల్వియన్ వంతెన యుద్ధం గెలిచి క్రైస్తవుల పక్షం వచ్చాక, చరిత్ర రాసిన యూసేబియస్ ఆయన్ని ఎంత పొగిడాడంటే దేవుని రాజ్యమే వచ్చేసింది అన్నట్టుంటుంది. నిన్నటిదాకా కొరడాలు తిన్నవాళ్లు కదా, ఆ సంబరం అర్థం చేసుకోవచ్చు. 380కల్లా అదే రాజ్యమతం అయిపోయింది. ముప్ఫై ఏళ్లు తిరిగాయి, 410లో గోతుల రాజు అలారిక్ రోము నగరాన్ని దోచాడు. అప్పుడు క్రైస్తవులకే గుండె ఆగిపోయినంత పనైంది, ఎందుకంటే రోముకూ క్రీస్తు రాజ్యానికీ ముడి వేసేసుకున్నారు. పాత దేవుళ్లను వదిలినందుకే ఇలా అయిందని అవతలివాళ్లు. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో ఊరి బిషప్పు అగస్టీను 413లో మొదలుపెట్టి పదమూడేళ్ల పాటు రాసిన దేవుని నగరం గ్రంథం ఆ గందరగోళానికి జవాబే. రెండు నగరాలు కలిసే నడుస్తున్నాయి, ఒకదాని గోడలు పడితే రెండోది పడినట్టు కాదు అని. ఆయన 430లో చనిపోయేటప్పటికి ఆయన ఊరు హిప్పోనే వాండల్స్ అనే తెగ ముట్టడిలో ఉంది.

ఇప్పుడు టీచర్ గారికి ఇంకో చిక్కు. ఆ హిప్పో ఇవాళ అల్జీరియాలో ఉంది. అగస్టీను సంఘం అక్కడ మిగల్లేదు. ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాలున్న నేల ఇవాళ టర్కీ, అక్కడ క్రైస్తవులు వేళ్ల మీద లెక్కపెట్టేంత. కాన్‌స్టాంటినోపుల్‌లో 537లో కట్టిన హాగియా సోఫియా చర్చి 1453లో మసీదైంది, తర్వాత మ్యూజియం, 2020లో మళ్లీ మసీదు. కాబట్టి సంఘం ఎక్కడ మొదలైతే అక్కడ చిరకాలం ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఎఫెసు సంఘానికి, నీ దీపస్తంభాన్ని దాని చోటునుండి తీసివేస్తానని ముందే చెప్పాడు. రాజ్యం శాశ్వతం, మన కొమ్మ శాశ్వతం కాదు.

నైట్‌షిఫ్ట్_నాని
మా సంఘం బిల్డింగ్ కమిటీకి ఈ పోస్టు ఫార్వర్డ్ చేయొచ్చా? ప్రెసిడెంట్ గారు తన పేరుతో రెండో శిలాఫలకం వేయిస్తున్నారు.

గల్ఫ్_గంగన్న
@నైట్‌షిఫ్ట్_నాని శిలాఫలకం అంటే గుర్తొచ్చింది. నేను కువైట్‌లో ఉండగా ఇరాక్ నుంచి వచ్చిన ఒకాయన చెప్పేవాడు. నెబుకద్నెజరు తన ఇటుకల మీద తన పేరు అచ్చు వేయించుకున్నాడు, అవి ఇప్పటికీ దొరుకుతాయి. 1980లలో సద్దాం హుసేన్ ఆ శిథిలాల మీదే గోడలు కట్టించి, నెబుకద్నెజరు లాగే తన పేరున్న ఇటుకలు పెట్టించాడు, పక్కనే గుట్ట మీద తనకో భవనం. 2003లో అమెరికా సైన్యం వచ్చి అక్కడే క్యాంపు వేసింది. ఒక్క చోటే మూడు రాజ్యాలు. మీ పిల్లలకు ఈ మాట చెప్పండి, నిద్రపోరు.

తెనాలి_టీచర్
గంగన్నా, దీంతోనే క్లాసు మొదలుపెడతా.

గుండ్లకమ్మ
అందరూ రోము, బబులోను తిరుగుతున్నారు, నేను మా ఒంగోలు సంగతి చెప్తా. ఇందాకటి నుంచి ఒక్కరూ బ్రిటిష్ సామ్రాజ్యం మాట ఎత్తలేదు, కానీ మన ఊళ్లలో క్రైస్తవులను అనే మొదటి మాటే అది, తెల్లదొరల మతం అని.

1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ దొర పెద్ద దర్బారు పెట్టి విక్టోరియా రాణిని కైసరే హింద్ అని చాటాడు. అదే కైసరు బిరుదు, మత్తయి సువార్తలో యేసుకు చూపించిన పన్ను నాణెం మీద ఉన్నవాడిదే. ఆ రోజున మద్రాసు రాజధానిలో ధాత నామ సంవత్సరపు కరువు. దర్బారులో విందులు, ఇక్కడ దారి పొడుగునా శవాలు. మా ముత్తవ్వ వాళ్ల అమ్మకు ఆ కరువు కథలు తెలుసు, గింజ కోసం చీమల పుట్టలు తవ్వారట. అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని తన మాదిగ బోధకులతో వేలమందికి కూలి ఇప్పించాడు. ఆయన అమెరికా బాప్టిస్టు, రాణి గారి చర్చి మనిషి కాదు. పని చేసినవాళ్లలో ఎంతోమంది బాప్తిస్మం అడిగారు, ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారని లోకం అంటుందని, కూలి పనులు అయిపోయేదాకా నెలల తరబడి ఆపాడు. పనులు ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది మా గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు.

దానికి పదేళ్ల పైచిలుకు ముందు సంగతి ఇంకా పెద్దది. క్లౌ బళ్లో అగ్రకులాల పిల్లలు చదువుకునేవాళ్లు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మేం రాం అన్నారు. బలమైనవాళ్లు కావాలా, వీళ్లు కావాలా? ఆయన భార్యాభర్తలిద్దరూ వేరు వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయం, లోకంలో ఎన్నికలేనివాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడనే మాటే వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. అగ్రకులాలవాళ్లు వెళ్లిపోయారు. ఏ సామ్రాజ్యమైనా ఆ లెక్క అలా వేస్తుందా? కైసరు జనాభా లెక్క తీసేది పన్ను కోసం. మా వాళ్ల పేరు మొదటిసారి గౌరవంగా పుస్తకంలోకి ఎక్కింది సంఘం రిజిస్టరులో. రాణి పోయింది, కాలువ కూడా చాలాచోట్ల పూడిపోయింది. నాకు క్రీస్తు రాజ్యం అంటే అక్కడ అర్థమవుతుంది, ఏళ్ల దగ్గర కాదు.

సందేహం_తీరదు
@గుండ్లకమ్మ ఇది బాగుంది, నిజంగా. కానీ తెల్లవాళ్ల నీడ లేకుండా మిషనరీ ఇక్కడికి వచ్చేవాడా?

పాతనాణేలు
నీడ ఉంది, లేదనలేం. కానీ మొదట్లో ఆ నీడే తరిమింది. ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే వ్యాపారం చెడగొట్టే గొడవ, 1813 చార్టర్ చట్టం దాకా వాళ్లకు తలుపు సరిగ్గా తెరవలేదు. మిషనరీ విలియం కేరీ బెంగాల్‌లోని సెరంపూర్‌లో ఉన్నది అందుకే, అది డేనిష్ వాళ్లది. ఇక తూర్పు వైపు చూడండి. రోము క్రైస్తవం అయ్యాక పారసీక రాజు రెండో షాపూరు తన దేశంలోని క్రైస్తవులను రోము గూఢచారులంటూ చంపించాడు, అయినా అక్కడి సంఘం చావలేదు, ఏ క్రైస్తవ రాజూ వెనక లేకుండానే మధ్య ఆసియా దాటి చైనా దాకా వెళ్లింది. ఆ సంగతి చెప్తూ 781లో చెక్కిన రాయి చైనాలోని షియాన్‌లో ఉంది. కేరళలోని తోమా క్రైస్తవులు వాస్కో డ గామా రాకముందు ఎన్నో వందల ఏళ్ల నుంచి ఉన్నారు.

మెదక్_అమ్మాయి
1947 ఆగస్టు 15న బ్రిటిష్ జెండా దిగింది. ఆరు వారాల తర్వాత, సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) మొదలైంది. దొరలతో పాటు పోతుందనుకున్నవాళ్లకు అదొక జవాబు.

బడి_గంట
గుండ్లకమ్మ గారి పోస్టు చదివి ఒకటి అడగకుండా ఉండలేకపోతున్నా. ఆ రాజ్యం అంత గొప్పదైతే మన సంఘాల్లో పెళ్లి సంబంధం అనగానే మాలా మాదిగా రెడ్డా కమ్మా అని ఎందుకు అడుగుతారు? మా ఊళ్లో సమాధుల స్థలం కోసం కోర్టు కేసు. కమిటీ ఎన్నికలకు పోలీసు బందోబస్తు. రోమా గవర్నరు పిలాతు ముందు యేసు, నా రాజ్యం ఈ లోకసంబంధమైనది అయితే నా సేవకులు పోరాడేవాళ్లు అన్నాడు. మరి మన సేవకులు పోరాడుతూనే ఉన్నారు కదా, అంటే ఇది ఏ రాజ్యం?

నైట్‌షిఫ్ట్_నాని
దాని జవాబు జడ్జి గారి దగ్గర ఉంది.

గుండ్లకమ్మ
@బడి_గంట మీరన్నది నాకు తెలియక కాదు. మా ఇంట్లో పెళ్లి ఆగిపోయింది ఆ కారణంతోనే. అందుకే సంఘమే రాజ్యం అని నేను అనను. సంఘం ఆ రాజు కింద ఉన్న జనం, చాలాసార్లు మాట వినని జనం. రాజు మారనప్పుడు జనాన్ని నిలదీయొచ్చు, కొలబద్ద ఉంటుంది. కైసరు విషయంలో నిలదీయడానికి కైసరు పైన ఎవరున్నారు?

కాజీపేట_కతోలిక
పోలికార్పు గుర్తొచ్చాడు. రెండో శతాబ్దం, స్ముర్న పట్టణం బిషప్పు. కైసరు ప్రభువు అను, వదిలేస్తాం అన్నారు. 86 ఏళ్లుగా ఆయన్ని సేవిస్తున్నాను, నాకు ఏ కీడూ చేయలేదు, నన్ను రక్షించిన నా రాజును ఎలా దూషించను అన్నాడు ఆ ముసలాయన. అధికారికి అది మతం గొడవలా కనిపించలేదు, రాజద్రోహంలా కనిపించింది. సరిగ్గానే పట్టుకున్నాడు.

పాతనాణేలు
కైసరు నాణెం మాట గుండ్లకమ్మ గారు ఎత్తారు కాబట్టి నా పిచ్చి కొంచెం భరించండి. ఆ తిబెరి కైసరు వెండి దేనారం మీద "దైవమైన ఔగుస్తు కుమారుడు" అని ఉంటుంది. అలాంటి నాణేలు మన నల్లగొండ వైపు అక్కన్‌పల్లిలో కూడా కుప్పగా దొరికాయి, మిరియాలకూ బట్టలకూ రోము వర్తకులు పోసిన వెండి. అంటే యేసు చేతికిచ్చిన నాణెం లాంటివే మన పొలాల దాకా వచ్చాయి. కైసరు బొమ్మ ఇక్కడికి ముందు చేరింది. చేరి పాతిపెట్టి ఉండిపోయింది.

ఇనుపకాళ్లు
ఇన్ని చెప్పారు, రెండవ రాకడ మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఆయన వచ్చి కళ్లముందు ఏలకపోతే అది రాజ్యం ఎలా అవుతుంది? హృదయంలో రాజ్యం, హృదయంలో రాజ్యం అంటూ ఎంతకాలం? బడి_గంట గారి సమాధుల కేసు ఎవరు తీరుస్తారు?

మెదక్_అమ్మాయి
@ఇనుపకాళ్లు ఇది మీరు సరిగ్గా అడిగారు. వేళ్ల లెక్క కంటే ఇది బలమైన మాట. సంఘం కూడా రాకడను వదిలెయ్యలేదు. నైసీయ విశ్వాస ప్రమాణంలో, సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి మహిమతో మళ్లీ వస్తాడు అన్న వెంటనే, ఆయన రాజ్యానికి అంతం ఉండదు అంటాం. ఈ చివరి మాట 325లో నైసీయలో రాసినదాంట్లో లేదు. 381లో కాన్‌స్టాంటినోపుల్ ప్రమాణంలో వచ్చింది. కారణం, అంకిర (ఇప్పటి అంకారా) బిషప్పు మార్కెల్లస్. 1 కొరింథీ 15లో, శత్రువులందరినీ పాదాల కింద ఉంచాక కుమారుడు రాజ్యాన్ని తండ్రికి అప్పగిస్తాడని ఉంది కదా, అంటే క్రీస్తు రాజ్యానికి ముగింపు ఉన్నట్టే అన్నాడాయన. లూకా 1లో దూత మరియతో, ఆయన రాజ్యం అంతం లేనిది అన్నాడు, సంఘం ఆ మాటనే ప్రమాణంలో చేర్చింది. అప్పగించడం అంటే దిగిపోవడం కాదు అని దాని అర్థం.

ఏ చక్రవర్తీ చేయనిది అదే అనిపిస్తుంది నాకు. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో బబులోనులో చనిపోయాక సేనాపతులు నలభై ఏళ్లు కొట్టుకున్నారు, కొడుకును చంపేశారు. ఇక్కడ కొడుకు గెలిచినదంతా తీసుకెళ్లి తండ్రి చేతుల్లో పెడుతున్నాడు, పోగొట్టుకోవడం లేదు. వారసత్వం గొడవే లేని రాజ్యం.

డల్లాస్_బాబాయ్
ఇది నెపోలియన్ కంటే బాగుంది. వచ్చే వారం ఇదే చెప్తా.

సందేహం_తీరదు
బాబాయ్, ఈసారైనా ఎవరన్నారో చెప్పండి.

నాకు ఇంకా ఒప్పుదల కాలేదు, అది వేరు. లేచాడా లేదా అనే దగ్గరికే మళ్లీ వచ్చి ఆగుతోంది, దానికి నాణేలూ ఇటుకలూ సాక్ష్యం చెప్పవు. కానీ రాజ్యాల పట్టీ చదివి ఆమెన్ అనిపించుకునే ప్రసంగం కంటే ఇది నిజాయితీగా ఉంది.

తెనాలి_టీచర్
క్లాసు ఇలా అనుకుంటున్నా. గంగన్న ఇటుకలతో మొదలు. తర్వాత యోహాను 18, పిలాతు ముందు సన్నివేశం పిల్లలతోనే చదివిస్తా. 1961లో కైసరయలో పిలాతు పేరున్న రాయి దొరికింది, దాని ఫొటో ప్రింట్ తీయిస్తున్నా. ఫరోలు గెలిచారా అంటే ఏళ్ల లెక్కలో గెలిచారనే చెప్తా, ఒప్పుకోవడానికి సిగ్గేముంది. ఆ తర్వాత ఒంగోలు. అక్కడి నుంచి వాళ్లనే మాట్లాడమంటా. బడి_గంట గారు అడిగింది కూడా పిల్లల ముందు పెడతా, పెద్దలకు కోపం వస్తే రానీ. మార్కెల్లస్ మాత్రం ఇంటర్ వాళ్లకు ఎక్కువ అనిపిస్తోంది, ఆపుతున్నా.

మెదక్_అమ్మాయి
ఆపకండి సార్, మొన్న రోము 1453 లెక్క చెప్పినవాడు దీన్ని కూడా అందుకుంటాడు.

బడి_గంట
పెద్దలకు కోపం వస్తే చెప్పండి, ఇక్కడే ఇంకో దారం తెరుద్దాం.

మోడరేటర్
పది వేళ్లు, యూరప్ విషయం మీద ఇంకా రాయాలనుకునేవాళ్లకు "ప్రవచనాలు" విభాగంలో విడిగా చోటు పెట్టాను. ఇక్కడ వద్దు.

ఇనుపకాళ్లు
వెళ్తున్నా. కానీ ఒక్క మాట, 27 నుంచి పదికి తగ్గడానికి ఎంతసేపు? ఒకరు ఇప్పటికే వెళ్లిపోయారు కదా.